మూడుసార్లు చాటిన మాట

మొగుణ్ని పూడ్చిపెట్టి పదకొండు రోజులైనా మస్తానమ్మ నోరు మూతపడలేదు. పొద్దున లేచి వీధి అరుగు మీద కూర్చుంటే, దారిన పోయే ప్రతివాణ్నీ పేరు పెట్టి పిలిచి మరీ కడిగిపారేస్తోంది. పదకొండో రోజున బస్సు దిగి సంచీతో సందులోకి వచ్చిన రత్నాన్ని కూడా ఆమె వదల్లేదు.

"రా మే, రా. మీ చిన్నాయిన్ని ఊరంతా కలిసి చంపినాక తీరిగ్గా వచ్చుండావా? రా, నువ్వు రాసిచ్చిన లిస్టు యాడబెట్నారో అడుగు వీళ్లని!"

రత్నానికి ఆమె పినతల్లి. చనిపోయిన చెంచయ్య రత్నం తండ్రికి తోడబుట్టిన తమ్ముడు. వేసవిలో పెన్నలో ఇసక బయటపడగానే దిబ్బపాళెం జనం ఏటి మధ్యకు దిగి పుచ్చపాదులు వేస్తారు. పాదు పక్కనే చెలమ తవ్వుకుని కుండలతో నీళ్లు పోస్తారు. గట్టు నుంచి పాదులు మైలున్నర దూరం. ఎగువన వాన పడి ఆనకట్ట తలుపులెత్తితే, నీళ్లు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో ఇసకలో ఉన్నవాళ్లందరికీ మాట అందాలి. ఈసారి ఇరవై ఆరుమంది గట్టెక్కారు. చెంచయ్య ఎక్కలేదు.

"చెప్పలేదనబాక పిన్నమ్మా," అన్నాడు ఎదురింటి గుమ్మంలోంచి ఒకాయన. "అందరం ఫోన్లో మెసేజీ కొట్నాం. చూడు, రెండు గీతలు పడుండాయి. చేరిందని రాసుండాది."

"చేరితే యాడికి చేరిందిరా? నీ అమ్మ గోరీలోకా?" మస్తానమ్మ నడుముకు కట్టుకున్న ఎరువుల కవరు విప్పింది. అందులో చెంచయ్య ఫోను ఉంది. క్వారీలో మందుగుండు పేల్చే పనికి పోయి చెవులు పోగొట్టుకున్నప్పటి నుంచీ ఆ ఫోనే చెంచయ్యకు చెవి. కవరులో చుట్టి పక్కటెముకలకు ఆనేట్టు కట్టుకునేవాడు. అది వణికితే తీసి చదువుకునేవాడు. ఐదో తరగతి చదువు అందుకు సరిపోయేది. "శవం మీంచి విప్పుకున్నా దీన్ని. చదువు మే, చదువు రాని ముండని గదా నేను! ఏముండాదో చదువు!"

రత్నం తీసుకుని చూసింది. ఆ రోజు ఉదయం పది దాటి ఎనిమిది నిమిషాలకు వచ్చిందే చివరి మెసేజీ. పట్టుచీరలపై నలభై శాతం తగ్గింపు, మూడు రోజులు మాత్రమే. దాని తర్వాత ఇంకేమీ లేదు.

"ఆ మాలకొండయ్య గాడే," అంది మస్తానమ్మ. "చెలమ కాడ తగువుబెట్టుకోని రెండేళ్లుగా మాటల్లేవు. వాడు జెప్పబాకండి అనుంటాడు. ఊరు ఊరంతా వాడి మాట విన్నారు."

"ఆరు మార్లు కొట్టినా నేను!" సందు చివర్నించి మాలకొండయ్య అరిచాడు. "మోకాల్లోతు నీళ్లలోకి ఉరికినా. నా బిడ్డల మీద ఒట్టు!"

"నీ బిడ్డలు ఏట్లోబోనూ!"

రత్నం ఒకచేత్తో చెంచయ్య ఫోను, మరోచేత్తో ఎదురింటాయన ఫోను పట్టుకుని నిలబడిపోయింది. పంపినవాడి దగ్గర రెండు గీతలున్నాయి. అందుకోవలసినవాడి దగ్గర ఏమీ లేదు. దానర్థం ఈ ఊళ్లో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఎవరి ఫోను వాళ్ల చేతిలో పెట్టి, తండ్రి ఇంటికి కూడా పోకుండా, వచ్చిన బస్సుకే వెనక్కి ఎక్కేసింది.

*

హైదరాబాదులో శబ్దవాహిని కంపెనీ ఆరో అంతస్తులో, చలికి మునివేళ్లు కొంకర్లుపోయే అద్దాల గదిలో 'తూనిక' ఉంది. రాష్ట్రంలో ఎవరు ఎవరికి ఏ మెసేజీ పంపినా అది ముందు తూనిక ఎక్కాలి. దానికి తూచడమే పని. కొత్త మాటయితే బరువుంటుంది, ముందుకు పోతుంది. ఒకే టవరు కింద అదే మాట నాలుగోసారి వచ్చిందంటే బరువు సున్న. దానికి 'విన్నమాట' అని గుర్తు వేసి, ఆపిన మెసేజీలు దాచే కొట్టులో పడేస్తుంది. అక్షరాలు మార్చి రాసినా, అర్థం ఒకటే అయితే అది పసిగడుతుంది. పంపినవాడు మళ్లీ మళ్లీ పంపి టవరును సతాయించకుండా అతనికి మాత్రం 'చేరింది' అని చూపిస్తుంది.

తుపానుల్లో టవర్లు కూలిపోయేది గాలికి కాదు, ఒకేమాట లక్షమంది పంపడం వల్ల అని కనిపెట్టింది రత్నమే. ఒకమాట ఎన్నిసార్లు మోస్తే చాలు అని పై అధికారి ఫణీంద్ర అడిగిన రోజున, అందరూ లెక్కలు తీస్తుంటే ఆమె ఠక్కున చెప్పింది. "మూడు. మా నాన్న ఊళ్లో చాటింపు వేసేవాడు. ఏ మాటైనా మూడుసార్లే. ఆపైన విననివాడు చెవిటివాడని అనేవాడు." గదంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. ఆ మూడే తూనికలో ఉండిపోయింది.

రుసుము ముద్ర ఉన్న మెసేజీలకు మాత్రం తూకం లేదని తర్వాతెప్పుడో కంపెనీ కలిపింది. చీరలవాడు లక్షసార్లు ఒకేమాట అన్నా అది కొత్తమాటే. రత్నం ఆ కాగితం మీద కూడా సంతకం పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం రత్నం కొట్టు తెరిచి చెంచయ్య నంబరు వేసింది. నలభైయారు వరసలు వచ్చాయి. పంపినవారి పేరు, సమయం, పక్కన గుర్తు. విన్నమాట. విన్నమాట. విన్నమాట. లోపలి రాతకు తాళం ఉంది, దాన్ని ఆమె కూడా తెరవలేదు. పేర్లలో మాలకొండయ్యది ఆరు చోట్ల కనిపించింది. టవరు కింద మొదటి మూడూ ఇంకెవరికో చేరాయి, వాళ్ల కేకలు విని మిగతావాళ్లు గట్టెక్కారు, చెంచయ్యకు కేక వినపడదు.

"నాతో చెప్పకుండా కొట్టు తెరిచారంటే ఏదో గట్టి పనే పడుంటుంది," అంటూ ఫణీంద్ర వెనక నిలబడ్డాడు.

"మా చిన్నాన్న సార్. ఈ నలభైయారూ ఆయనవి."

అతను వంగి చూశాడు. "నీళ్లు మన కంపెనీవి కాదు కదా రత్నంగారూ."

"మాట మనం ఆపాం."

"ఆపలేదు. తూచాం. మనం టపా మోసేవాళ్లం కాదు, సమాచార సేవ చేసేవాళ్లం. ఏది ఇవ్వాలో ఎంచుకునే హక్కు మనది. వచ్చే నెల నెల్లూరులో తూనిక మీద నియంత్రణ సంఘం విచారణ ఉంది, అక్కడ మీరు ఇదే చెప్పాలి. యంత్రం కనిపెట్టిన మనిషి నోటితో వస్తే దానికో అందం." పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "తొంభై రోజులకు కొట్టు దానంతటదే ఖాళీ అవుతుంది. తొందరపడకండి. తూనిక పత్రాల మీద మొదటిపేరు మీదే. కేసంటూ అయితే మొదట లోపలికి పోయేదీ మీరే."

*

వారం తర్వాత ఆమె మళ్లీ దిబ్బపాళెం వచ్చింది. ఈసారి నేరుగా తండ్రి దగ్గరికే పోయింది.

పెంచలయ్య వసారాలో పుచ్చకాయల బుట్ట అల్లుతున్నాడు. కాలేజీలో చదివేటప్పుడు ఈ కూతురే ఊరి ఫోన్లన్నీ ఒక లిస్టుకు ఎక్కించి, డప్పు వద్దు నాయినా, ఇక మీదట ఇట్టా పంపుకుందాం అని నేర్పింది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. చాటింపు మాట ఎవడూ మార్చకూడదు. నలుగురు నాలుగు రకాలుగా చెబితే ఊరు నాలుగు దారుల్లో పరిగెత్తుతుంది. "నీళ్లొస్తుండాయి. పాదులొదిలి గట్టెక్కండి." అంతే, అక్షరం పొల్లుపోకూడదు. ఊరంతా ఆ మాట నిలబెట్టుకుంది. తూనికకు ఆ ఊరు మరీ తేలిగ్గా దొరికిపోయింది అందుకే.

రత్నం నేలమీద కూర్చుని మొత్తం చెప్పింది. ఆయన చేతులు ఆగలేదు.

"మూడుమార్లు యాడ?" అన్నాడు చివరికి.

"టవరుకి నాయినా."

"టవరంటే?"

"నాలుగూళ్లు."

బెత్తం పుల్ల ఫట్టుమని విరిగింది. పెంచలయ్య లేచి కూతురి జబ్బ పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. మిట్టమధ్యాహ్నం, నేల కాలిపోతోంది. చెప్పులేసుకోనివ్వలేదు. మొదటి సందు మొగకు తీసుకుపోయి నిలబెట్టాడు.

"నేను మూడుమార్లు చాటింది ఊరికి గాదు మే. సందుకి! పదకొండు సందులుండాయి ఈ ఊళ్లో. మూడు పదకొండ్లు ఎంతో చదువుకున్నదానివి నువ్వే జెప్పు. నా మూడు ఎత్తుకపోయినావు గానీ నా కాళ్లు యాడ బెట్టినావు? చాటు ఇప్పుడు! ఏం జేసినావో చాటు! మూడుమార్లు!"

"నాయినా, జనం చూస్తుండారు."

"చూడ్డానికే చాటింపు. చాటు!"

ఆమె పీలగా మొదలుపెట్టింది. "మీరు పంపిన మాట నలభైయారు మార్లు నేను చేసిన యంత్రం ఆపింది. చిన్నాయినకి చేరలేదు. తప్పు నాది." తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో థూ అని ఉమ్మారు. రెండో సందు, మూడో సందు. నాలుగో సందులో ఒకామె, "మీ నాయిన కొట్టిన డప్పుతో చదువుకోని మా నోళ్లే మూయించినావా?" అంది. ఆరో సందులో మాలకొండయ్య గోడకానుకుని విని, లోపలికి పోయి గొళ్లెం పెట్టుకున్నాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయి. ముసలాయన జబ్బ వదల్లేదు.

ఎనిమిదో సందులో మస్తానమ్మ ఇల్లు. ఆమె మూడుసార్లూ పూర్తిగా విన్నది. తర్వాత గేదెకు పెట్టిన కుడితి బకెట్ ఎత్తి రత్నం నెత్తిన కుమ్మరించింది.

"అబద్ధం. ఊరిని కాపాడేదానికి కంపెనీ పిల్ల నాటకమాడతా ఉండాది. వీళ్లు పంపలా. ఆ మాలకొండయ్య గాడసలు పంపలా. నా మొగుడు ఊరందరికీ కానోడై చచ్చినాడని నేను నమ్ముతుండా. కాదంటే ఆ నలభైయారూ ఈ ఫోన్లోకి తీసకరా. నా చేతిలో ఇది వణకాల. అప్పుడు నమ్ముతా."

కుడితి కారుతుండగానే రత్నం తొమ్మిదో సందుకు నడిచింది. ఈసారి ఆమె జబ్బ ఎవరూ పట్టుకోలేదు.

*

నెల్లూరు జిల్లా పరిషత్తు హాల్లో బహిరంగ విచారణ. నియంత్రణ సంఘం అధ్యక్షురాలు అంబుజవల్లి రిటైరైన న్యాయమూర్తి. తెల్లటి జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. ఎవరి మాటా పూర్తిగా నమ్మినట్టు కనిపించదు. ఎడమవైపు కంపెనీ లాయరు, ఫణీంద్ర. కుడివైపు బెంచీల మీద దిబ్బపాళెం జనం, నలభైమంది. మస్తానమ్మ వాళ్లకు దూరంగా గోడవారన కూర్చుంది.

లాయరు గంటసేపు మాట్లాడాడు. పత్రికవాడు వచ్చిన ప్రతి ఉత్తరమూ అచ్చువేస్తాడా? అలాగే మేమూ అన్నాడు. మెసేజీ అనేది మోత కాదు, సేవ అన్నాడు. తూనిక లేకపోతే తుపానులో టవర్లన్నీ చచ్చి ఒక్కమాట కూడా అందదని కాగితాలు చూపించాడు. ఆ కాగితాలు రత్నం రాసినవే, నిజమైనవే. "యంత్రం కనిపెట్టినావిడే ఇక్కడున్నారు," అని చేయి చాపాడు.

రత్నం లేచింది. "మేడం, నేను చెప్పను. చూపిస్తాను. మీ ఫోను నంబరు ఈ నలభైమందికీ ఇవ్వగలరా?"

లాయరు అడ్డం లేచాడు. అంబుజవల్లి అతన్ని చూడకుండానే కూర్చోమని చేయి ఊపి, నంబరు చదివింది.

"మామా, అన్నా, అందరూ ఒకేమాట కొట్టండి. మనం చాటే మాటే. అక్షరం మార్చొద్దు."

"నువ్వు జెప్పబాక," అని గొణిగాడు మాలకొండయ్య. "అది మాకు దెలుసు."

నలభై బొటనవేళ్లు కదిలాయి. బల్లమీద ఫోను టింగుమంది. ఇంకోటి. ఇంకోటి. అంతే. హాలు చెవులు రిక్కించింది. ఫ్యాను రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎంతమంది పంపారు?" అంది అంబుజవల్లి.

నలభైమందీ ఫోన్లు పైకెత్తారు. అన్నిట్లోనూ రెండు గీతలు. చేరింది.

"నాకు మూడే వచ్చాయి."

"ఆ మూడూ ఎవరివి మేడం?"

ఆమె కళ్లజోడు సర్దుకుని మూడు పేర్లు చదివింది. మూడూ ముందు బెంచీవాళ్లవే. రత్నం గోడ గడియారం చూసింది. కంపెనీ పట్టికలో ఆమె ముందే చూసిపెట్టుకున్న పదకొండున్నరకు ఇంకా అర నిమిషం ఉంది. "ఇంకొక్క క్షణం ఆగండి మేడం, నాలుగోది వస్తుంది."

ఫణీంద్రకు అర్థమైంది. చెయ్యి చాచబోయి ఆగిపోయాడు. ఫోను టింగుమంది.

అంబుజవల్లి పైకి చదివింది. "పట్టుచీరలపై యాభై శాతం తగ్గింపు. రెండు రోజులు మాత్రమే." ఫోను బోర్లా పెట్టి లాయరు వైపు తిరిగింది. "ఇదీ మీ సేవేనా?"

"అది వాణిజ్య ఒప్పందం ప్రకారం..."

"ఈ మాట ఎన్నిసార్లు మోశారు ఇవాళ?"

లాయరు ఫణీంద్రను చూశాడు. ఫణీంద్ర రత్నాన్ని చూశాడు. ఆ చూపులో ఆమెకు ఉద్యోగం పోయింది. ఆపైన కూడా ఏదో పోతుందని రాసిపెట్టి ఉంది.

"మొదటి పేరు నాదే మేడం," అంది రత్నం. "మూడు అన్నదీ నేనే. ముద్ర కాగితం మీద సంతకమూ నాదే. నా మీద ఏం వేసినా వేయండి. టవర్లకు దారి ఉంది. మోత ఎక్కువైతే వరసలో నిలబెట్టి, ఆలస్యంగానైనా అన్నీ పంపొచ్చు. పారేయాల్సిన పనిలేదు. పారేసి చేరిందని చెప్పాల్సిన పని అసలే లేదు. కొట్టులో ఉన్నవి మరో నలభైరోజుల్లో చెరిగిపోతాయి. ఆలోగా ఎవరివి వాళ్లకు పంపించండి."

ఆరో రోజున ఉత్తర్వు వచ్చింది. రెండు పేజీలే. మాట మోసేవాడు మోయవలసిందే, బరువు తూచే హక్కు అతనికి లేదు. రుసుము కట్టినవాడి మాటకూ కట్టనివాడి మాటకూ దారి ఒకటే. చేరనిదాన్ని చేరిందని చూపడం నేరం. కొట్టులో ఆపిన ప్రతి మాటా శుక్రవారం పదిగంటలకు దాని మనిషికి అందాలి. రత్నం మీద విచారణ విడిగా జరుగుతుందని చివరి వాక్యం.

*

శుక్రవారం పొద్దున ఎనిమిదో సందు నిండిపోయింది. మస్తానమ్మ అరుగు మీద కూర్చుని, ఫోనును అదే ఎరువుల కవరులో చుట్టి, మొగుడు కట్టుకున్నట్టే పక్కటెముకలకు కట్టుకుంది. రత్నం కింద మట్టిలో కూర్చుంది. పైన కూర్చోమని ఎవరూ అనలేదు.

పదింటికి మస్తానమ్మ ఉలిక్కిపడింది. చేత్తో పక్క అదుముకుంది. మళ్లీ ఉలిక్కిపడింది. మళ్లీ. ఆ వణుకు ఆగకుండా వస్తుంటే ఆమె నోరు తెరుచుకుంది గానీ తిట్టు రాలేదు. చాలాసేపటికి అది ఆగింది. కవరు విప్పి ఫోనును రత్నం ఒళ్లోకి విసిరింది.

"చదువు. పేర్లతో చదువు."

రత్నం చదివింది. పేరు, ఆపైన మాట. నీళ్లొస్తుండాయి, పాదులొదిలి గట్టెక్కండి. పేరు, మాట. పేరు పిలిచినప్పుడల్లా సందులో ఎవరో ఒకరు తల దించుకున్నారు. మాలకొండయ్య పేరు వచ్చింది. మళ్లీ వచ్చింది. ఐదుసార్లూ అదే మాట, అక్షరం మారలేదు. మస్తానమ్మ గోడకేసి చూస్తూ వింటోంది.

నలభైయారోది దగ్గర రత్నం ఆగిపోయింది.

"ఏంది మే, చదువు."

"ఇది... మాట మార్చుండాడు పిన్నమ్మా."

గుంపు వెనక మాలకొండయ్య రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. పెంచలయ్య చాటింపు మాటను ఆ ఊళ్లో మార్చినవాడు అప్పటిదాకా ఒక్కడూ లేడు.

"చదవమన్నా గదా!"

"ఒరే చెంచిగా, చెలమ నువ్వే తీసుకోరా. పాదు గూడా తీసుకో. గట్టెక్కరా, నీ కాళ్లు బట్టుకుంటా."

మస్తానమ్మ మాలకొండయ్యను చూడలేదు. రత్నాన్ని అసలే చూడలేదు.

"ఇంకోమారు చదువు," అంది.

చదివింది.

"ఇంకోమారు."

చదివింది. మూడయ్యాయి. రత్నం ఫోను దించింది.

"ఆపమన్నానా నేను?" అంది మస్తానమ్మ. "నాకింకా వినబళ్లా. చదువు."

రత్నం నాలుగోసారి మొదలుపెట్టింది.